పత్రికల్లో కనబడని ఇరాన్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం మాస్టర్లం. బడిలో ఇరవై ఏళ్ళుగా ఉర్దూలోనే పాఠం చెబుతున్నాము. అయినా కార్యదర్శి గారు "సావనీరు తెలుగులో వేస్తున్నాం మాస్టారూ, మన ఇళ్ళల్లో సగం మంది పిల్లలు ఇప్పుడు తెలుగే చదువుతున్నారు, మీరు తెలుగులోనే మాట్లాడాలి" అని పట్టుబట్టారు. కాబట్టి మా భాషలో ఎక్కడైనా తప్పు దొర్లితే పెద్ద మనసుతో మన్నించవలసిందిగా కోరుతున్నాము. మాకు అప్పగించిన విషయం ఇరాన్ దేశపు సంస్కృతి, అక్కడి జనజీవనం. రాజకీయ ఉపన్యాసం చెయ్యాలని మేము రాలేదు. ఆ దేశపు మనుషుల్ని గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాము.

ముందుగా మా తరగతిలో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాము. 2023 లో ఒకనాడు ఎనిమిదో తరగతి పిల్లల ఎదుట నల్లబల్ల మీద 'ఇరాన్' అని రాసి, "ఈ పేరు వినగానే మీకు ఏమి తోస్తుందో కాగితం మీద రాయండి" అన్నాము. ముప్పై రెండు కాగితాలు వచ్చాయి. బాంబులు, బురఖా, పెట్రోలు, ఎడారి, ఒంటెలు - ఇవే ఎక్కువ. నలుగురైదుగురు 'అరబ్బులు' అని రాశారు. వెనక బెంచీ కుర్రవాడొకడు 'ఇరానీ చాయ్' అని రాసి పక్కవాడికి చూపించి నవ్వాడు. ముప్పై రెండు కాగితాల్లోనూ ఒక్క మనిషి పేరు లేదు, ఒక్క పుస్తకం పేరు లేదు, ఒక్క ఊరి పేరు లేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజు మాకు సిగ్గు వేసింది. ఆ గంటలోనే మేము చెప్పిన ఉర్దూ పాఠంలో మూడో వంతు మాటలు ఆ దేశం నుంచి వచ్చినవే. ఆ సంగతి పిల్లలకు ఏనాడూ చెప్పనిది మేమే కదా! ఇక పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? టీవీ వాడు చూపించింది చూస్తారు. టీవీ వాడి కెమెరా కేకలు వినబడే చోటికే పోతుంది. పిడికిళ్ళు బిగించి అరిచే గుంపు ఒకటి దొరికితే చాలు, ఆ వీధి చివర రొట్టె కోసం వరుసలో నిలబడ్డ నలభై మంది దానికి అక్కర్లేదు.

ఈ బాధ మనకు తెలియంది కాదు. మన బస్తీ పేరు పేపర్లో ఎప్పుడు పడుతుంది? ఎవరో ఇద్దరు కొట్టుకున్నప్పుడు పడుతుంది. మన ఆడపిల్ల పదో తరగతిలో మండలానికి మొదటగా వస్తే పడదు. "మమ్మల్ని పేపర్లో బొమ్మ చూసి కొలవకండి బాబూ, మా ఇంటికి వచ్చి చూడండి" అని మనం పదిమందికీ చెప్పుకుంటాం. మన కోసం అడిగే తూకపు రాళ్ళనే ఇతరుల కోసం కూడా వాడాలి గదా! మా ప్రసంగం సారాంశం ఇంతే. మిగిలిందంతా దానికి వివరణే.

మేము ఇరాన్ వెళ్ళలేదు. కానీ 2003-04 ప్రాంతంలో హైదరాబాదులో బి.ఎడ్. చదివేటప్పుడు మేము అద్దెకున్న ఇంటి మేడ మీది గదిలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఉండేవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇరానీ విద్యార్థులు చదవడం అప్పట్లో మామూలే. రెండేళ్ళు ఒకే మెట్లు ఎక్కి దిగాము. అతని వల్ల కొంత, పుస్తకాల వల్ల కొంత, సినిమాల వల్ల కొంత తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

అతను వచ్చిన కొత్తలో మేము గొప్పగా అతన్ని ఇరానీ హోటలుకు తీసుకెళ్ళి చాయ్ తాగించాము. చిక్కటి పాలచాయ్ చూసి అతను తెల్లబోయాడు. "ఇది చాలా రుచిగా ఉంది, కానీ మా దేశంలో ఇలాంటిది లేదే!" అన్నాడు. నిజమేనండీ. ఇరాన్లో చాయ్‌లో పాలు పోయరు. చిన్న గాజు గ్లాసులో ఎర్రటి డికాక్షన్, పళ్ళ మధ్య ఒక చక్కెర ముక్క, అంతే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చిన వలసదారులు ఇక్కడ హోటళ్ళు పెట్టి, మన నాలుకకు తగినట్టు పాలు కలిపారు. పేరు వారిది, పాలు మనవి. తమాషా ఏమిటంటే వారి దేశానికి తేయాకు సాగు వెళ్ళింది కూడా మన దేశం నుంచే. సుమారు 1900 ప్రాంతంలో భారతదేశంలో ఇరాన్ కాన్సల్‌గా పనిచేసిన కాషెఫ్ అల్ సల్తనె అనే పెద్దమనిషి కాంగ్రా వైపు తేయాకు పెంపకం నేర్చుకొని, మొక్కలు తీసుకుపోయి కాస్పియన్ సముద్రం దగ్గర లాహిజాన్‌లో నాటించాడు. ఆయన సమాధి అక్కడే ఉంది.

ఇక 'అరబ్బులు' అని రాసిన పిల్లల సంగతి. ఇరాన్లో అరబ్బులు లేకపోలేదు, ఖూజిస్తాన్ ప్రాంతంలో ఉన్నారు. కానీ దేశంలో ప్రధాన భాష ఫార్సీ. అరబీ లిపి తీసుకొని, అందులో లేని పే, చే, ఝే, గాఫ్ అనే నాలుగు అక్షరాలు ఫార్సీ వారు కలుపుకున్నారు. మనం ఉర్దూలో రాసే ఆ నాలుగు అక్షరాలూ అలా వచ్చినవే. ఫార్సీతో పాటు ఆజరీ తుర్కీ, కుర్దీ, లూరీ, బలూచీ, తుర్కమెన్ భాషలు మాట్లాడేవారు కోట్లలో ఉన్నారు. పదహారు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న దేశమది. 2016 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల దరిదాపుల జనం. ఎడారి ఉన్న మాట నిజమే, కానీ ఉత్తరాన వరి పొలాలున్నాయి, అడవులున్నాయి, చలికాలంలో మంచు మూసేసే కొండలున్నాయి.

తెలుగు సోదరులు ఫార్సీ మనకెందుకు అంటారేమో. పొద్దున్న లేచి 'రోజు' అంటున్నాం, అది ఫార్సీ. 'బజారు'కు పోతున్నాం, 'తాజా' కూర కొంటున్నాం, 'పుదీనా' అడుగుతున్నాం. 'దర్జీ' దగ్గరికి, ఆఫీసులో 'దరఖాస్తు' పట్టుకుని 'గుమాస్తా' దగ్గరికి, 'సిఫారసు' కోసం ఇంకొకరి దగ్గరికి, చివరికి 'దస్తావేజు' రాయించుకోవడానికి - అన్నీ ఫార్సీ గుమ్మాలే. జేబులో ఉన్న 'రుమాలు' కూడా 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. ఆ వంశంలోనే ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. 1591 లో హైదరాబాదు నగరం వెలిసినప్పుడు దాని నిర్మాణంలో పెద్ద చెయ్యి వేసిన పేష్వా మీర్ మోమిన్ ఇరాన్లోని అస్తరాబాద్ వాడు. నిజాం సర్కారులో కచేరీ భాష 1884 దాకా ఫార్సీయే. అంటే మన తాతల తాతలు అర్జీ పెట్టుకున్న భాష అన్నమాట.

మరి ఆ మనుషుల తీరు ఎలా ఉంటుంది? మన పెద్దల్లో 'తకల్లుఫ్' అనే మాట ఉంది గదా. దాన్ని వంద రెట్లు చేస్తే ఇరానీ వారి 'తారోఫ్' అవుతుంది. అంగడిలో సామాను కొని "ఎంత?" అంటే, "ఖాబెలీ నదారె" అంటాడు దుకాణదారు. మీ ముందు ఈ వస్తువు ఏపాటిది, ఉంచుకోండి అని దాని భావం. అలా అన్నాడు గదా అని సంచీలో వేసుకుని వస్తే వెనకాలే పరుగెత్తుకుని వస్తాడు! రెండు మూడు సార్లు మనం బతిమాలాలి, అప్పుడు ధర చెబుతాడు. గుమ్మం దగ్గర నలుగురు కలిస్తే "మీరు ముందు, మీరు ముందు" అని ఎంతసేపు నిలబడతారో చెప్పలేం. మా మిత్రుడు మా ఇంట్లో మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు మా అమ్మ "ఇంకొంచెం వేసుకో బేటా" అంటే వద్దన్నాడు. ఆమె మంచిదని గిన్నె తీసేసింది. పాపం, మూడోసారి అడుగుతుందని అతను ఎదురు చూశాడట. ఆ సంగతి ఆరు నెలల తరువాత చెప్పి నవ్వాడు. ఆ తరువాత మా అమ్మ అతన్ని నాలుగు సార్లు అడిగేది.

భోజనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాము. మన ఇళ్ళల్లో అన్నం అడుగంటితే కోడలికి మాటలు తప్పవు. ఇరాన్లో అడుగున బంగారు రంగులో పెళుసుగా కట్టిన ఆ అన్నాన్ని 'తహ్‌దీగ్' అంటారు. దాన్ని కావాలని పట్టిస్తారు, వచ్చిన చుట్టానికి ముందు వడ్డిస్తారు, పిల్లలు దాని కోసం కొట్టుకుంటారు. మన కారం వారు తినలేరు. దానిమ్మ రసం, ఎండు నిమ్మ, కుంకుమపువ్వు, రకరకాల ఆకుకూరలు - వారి రుచి ఇది. ఇక 'బిర్యానీ' అని మనం గర్వంగా చెప్పుకునే మాట ఫార్సీ 'బిర్యాన్' నుంచి వచ్చిందే గాని, ఇస్ఫహాన్‌లో 'బెర్యానీ' అడిగితే అన్నం రాదు. రొట్టె మీద ఖీమా లాంటి మాంసం పెట్టి ఇస్తారు. మా మిత్రుడూ మేమూ ఈ విషయం మీద చాలా పోట్లాడుకున్నాము. ఇంతవరకు తెగలేదు.

వారి పెద్ద పండుగ నౌరోజ్. వసంతంలో, మార్చి 20, 21 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానమయ్యే క్షణాన కొత్త సంవత్సరం వస్తుంది. మన పక్కింటి వారి ఉగాది కూడా ఆ రోజులకు దగ్గరగానే వస్తుంది. ఆ క్షణం అర్ధరాత్రి అయినా, తెల్లవారుజాము అయినా ఇంటిల్లిపాదీ కొత్త బట్టలు కట్టుకుని దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటారు. 'సీన్' అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు పరుస్తారు. మొలకెత్తిన గోధుమ నారు, గోధుమలతో చేసిన హల్వా లాంటి సమనూ, సెంజెద్ అనే పండు, వెల్లుల్లి, ఆపిలు, సుమాక్, సిర్కా. పక్కన అద్దం, పవిత్ర గ్రంథమో, హాఫిజ్ కవితలో. పదమూడో రోజున ఇంట్లో ఉండకూడదని చెట్ల కిందికి వనభోజనాలకు పోతారు. ఇస్లాం రాకముందు నుంచీ ఉన్న పండుగ ఇది. 1979 విప్లవం తరువాత కొందరు మతపెద్దలకు ఇది నచ్చలేదు. జనం మాత్రం వదల్లేదు. 2009 లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంలో చేర్చింది.

వారి పంచాంగం కూడా వింతే. మనలాగే హిజ్రత్ నుంచి లెక్క పెడతారు, కానీ సూర్యుణ్ణి బట్టి. మనది చంద్రుణ్ణి బట్టి. 2025 మార్చిలో మన లెక్కన 1446 నడుస్తుంటే వారికి 1404 మొదలయింది. ఒకే ప్రయాణాన్ని ఇద్దరు రెండు గడియారాలతో కొలుస్తున్నారు. 1079 లో ఆ దేశపు సౌర పంచాంగాన్ని సంస్కరించిన పండితుల్లో ఒమర్ ఖయ్యాం ఒకడు. బయటి లోకం ఆయన్ని మధుపాత్ర పట్టుకున్న కవిగానే ఎరుగును. ఆయన గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు.

కవి మాట వచ్చింది. ఇరాన్లో కవుల సమాధులకు జనం చుట్టరికానికి పోయినట్టు పోతారు. షీరాజ్‌లో హాఫిజ్, సాదీ సమాధుల దగ్గర కాలేజీ పిల్లలు, కొత్త దంపతులు, ముసలివారు సాయంకాలం కూర్చుంటారు. డిసెంబరులో అన్నిటికన్నా పొడుగైన రాత్రిని 'యల్దా' అంటారు. ఆ రాత్రి అవ్వాతాతల ఇంట్లో అందరూ చేరి, దానిమ్మ గింజలూ పుచ్చకాయా తింటూ హాఫిజ్ పుస్తకం కళ్ళు మూసుకుని తెరిచి, వచ్చిన పేజీ చదివి శకునం చూసుకుంటారు. మా మిత్రుడు మేడ మీద ఒక్కడే ఆ రాత్రి గడపలేక కిందికి వచ్చాడు. డిసెంబరులో హైదరాబాదు బజారంతా తిరిగి పుచ్చకాయ ఒకటి పట్టుకొచ్చాడు. మన పాతకాలపు మౌల్వీలు పిల్లలకు 'గులిస్తాన్' చెప్పేవారు. 1258 లో సాదీ రాసిన పుస్తకం మన తాతలు ఈ ఊళ్ళలో చాప మీద కూర్చుని వల్లె వేశారు. వారికి ఇరాన్ అంటే ముందు సాదీ గుర్తొచ్చేవాడు. మన పిల్లలకు బాంబు గుర్తొస్తోంది. మధ్యలో ఏమి పోగొట్టుకున్నామో మీరే ఆలోచించండి.

ఇరాన్ అంటే అందరూ షియాలే అనుకుంటారు. ఎక్కువమంది షియాలే. కానీ కుర్దుల్లో చాలామంది షాఫియీ సున్నీలు, బలూచీలు, తుర్కమెన్లు మనలాగే హనఫీలు. 1979 రాజ్యాంగం ప్రకారం జొరాస్ట్రియన్లకు, యూదులకు, క్రైస్తవులకు మజ్లిస్‌లో కలిపి 5 స్థానాలు కేటాయించారు. ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ కాలంలో వచ్చి స్థిరపడిన ఆర్మేనియన్ క్రైస్తవుల పేట ఉంది, అందులో వాంక్ అనే అందమైన చర్చి ఉంది. ఇరాన్ గడ్డ మీద మొదటి అచ్చు పుస్తకాల్లో ఒకటి 1638 లో ఆ పేటలోనే తయారయింది. మా మిత్రుడు చిన్నప్పుడు సైకిలు బాగుచేయించుకున్న మేస్త్రీ ఆర్మేనియన్ అట. ఇదంతా విని అక్కడ అంతా సుఖమే అనుకోకండి. టెహ్రాన్‌లో తమకంటూ సరైన మసీదు లేదన్నది సున్నీల ఏళ్ళనాటి ఫిర్యాదు. బహాయీ మతస్థులకు ఆ రాజ్యాంగంలో గుర్తింపే లేదు, వారు చదువులకూ ఉద్యోగాలకూ దూరమై, జైళ్ళు కూడా చూశారు. ఉన్న మంచిని దాచకూడదు, ఉన్న అన్యాయాన్నీ దాచకూడదు.

అక్కచెల్లెళ్ళు ఎదురు చూస్తున్న విషయానికి వస్తాము. ఇరాన్ స్త్రీ అనగానే టీవీ నల్లటి చాదర్ ఒకటే చూపిస్తుంది. 1976 లెక్కల్లో అక్కడ మూడింట ఒక వంతు ఆడవాళ్ళకే చదువొచ్చు. 2016 నాటికి అది నూటికి ఎనభై దాటింది. 2000 తరువాతి సంవత్సరాల్లో విశ్వవిద్యాలయాల్లో చేరినవారిలో సగానికి పైగా ఆడపిల్లలే. 1980లలో పల్లెల్లో 'ఆరోగ్య గృహాలు' పెట్టి, అదే ఊరి అమ్మాయికి, అబ్బాయికి శిక్షణ ఇచ్చి, టీకాలు, పురుళ్ళు, తూకాలు చూసే పని అప్పగించారు. తల్లుల, పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి. మన సంఘం లాంటివి నేర్చుకోదగిన పద్ధతి అది. టెహ్రాన్ బడిలో చదివిన మరియం మిర్జాఖానీ 2014 లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం గెలిచింది. ప్రపంచంలో ఆ పతకం పొందిన మొదటి స్త్రీ ఆమె. 2017 లో నలభై ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయింది. మా తరగతి గోడ మీద ఇప్పుడు ఆమె బొమ్మ ఉంది.

మరి రెండో వైపు? 1936 లో రెజా షా అనే రాజు ముసుగు వెయ్యరాదని ఉత్తర్వు వేశాడు. పోలీసులు వీధిలో ఆడవాళ్ళ తలల మీది గుడ్డలు లాగేశారు. కొందరు పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి గడప దాటలేదు. 1979 తరువాత వచ్చిన ప్రభుత్వం ముసుగు వేసి తీరాలని చట్టం చేసింది, వెయ్యనివారికి కొరడా దెబ్బల శిక్ష పెట్టింది. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే 22 ఏళ్ళ కుర్దు యువతిని ముసుగు సరిగా లేదని పట్టుకెళ్ళారు. మూడు రోజుల్లో ఆమె చనిపోయింది. ఊరూరా జనం వీధిలోకి వచ్చారు, వందల మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. చాదర్ వేసుకునే తల్లి, వేసుకోని కూతురు చెయ్యి చెయ్యి పట్టుకుని నడిచిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఒక రాజు లాగేశాడు, ఒక ప్రభుత్వం కట్టింది. ఇద్దరూ ఆ తల్లిని అడగలేదు. మన దేశంలో మన ఆడపిల్లల బట్టల మీద ఎవరెవరో తీర్పులు చెబుతుంటే మనకు ఎలా ఉంటుందో తలచుకుంటే ఇది అర్థమవుతుంది.

ఆ దేశపు ఇళ్ళలోకి తొంగి చూడాలంటే సినిమా మంచి కిటికీ. మాజిద్ మజీదీ 1997 లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' మా బడిలో చూపించాము. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఇంట్లో డబ్బు లేదని తెలిసి, తన బూట్ల జతనే ఇద్దరూ మార్చి మార్చి వేసుకుని బడికి పరుగెత్తే కథ. పందెంలో మూడో బహుమతి బూట్లు. మూడోవాడుగా రావాలని పరుగెత్తిన పిల్లవాడు మొదటివాడుగా వచ్చి ఏడుస్తాడు. మా పిల్లలూ ఏడ్చారు. 'బాంబులు' అని రాసిన పిల్లవాడు వచ్చి "సార్, వాళ్ళ ఇల్లు మా ఇల్లులాగే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటకు మా జీతం ముట్టినట్టే అనిపించింది. అయితే ఆ దేశంలోనే జాఫర్ పనాహీ అనే దర్శకుణ్ణి 2010 లో సినిమాలు తియ్యకూడదని శిక్షించారు. ఆయన మానలేదు. 2025 లో ఆయన సినిమాకు కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది.

సినిమాలోనూ మనకూ వారికీ బంధుత్వముంది. పూనాలో పుట్టిన ఆర్దెషిర్ ఇరానీ బొంబాయిలో 1931 లో 'ఆలం ఆరా' తీశాడు. 1932 లో మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు నిర్మాత ఆయనే, దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. మరుసటి ఏడు, 1933 లో, ఫార్సీ భాషలో మొదటి టాకీ 'దుఖ్తర్-ఎ-లోర్' కూడా ఆయన బొంబాయిలోనే తయారు చేశాడు. అంటే తెలుగు తెరకూ, ఫార్సీ తెరకూ మాట నేర్పించిన చెయ్యి ఒకటే!

మరి ఆ వీధుల్లో ఆ కేకలెందుకు అని మీరు అడగవచ్చు. దానికీ కథ ఉంది. 1953 లో జనం మెచ్చిన ప్రధాని ముసద్దిఖ్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్ర చేసి దింపించారు. చమురును దేశపరం చెయ్యడమే ఆయన చేసిన నేరం. తమ పాత్రను అమెరికా గూఢచారి శాఖ పత్రాలే 2013 లో ఒప్పుకున్నాయి. 1979 లో 52 మంది అమెరికన్లను 444 రోజులు బంధించడం తప్పే. అది మాత్రం ప్రపంచానికి గుర్తుంది, 1953 గుర్తు లేదు. 1980 నుంచి 1988 దాకా ఇరాక్‌తో యుద్ధం. 1987 లో సర్దష్త్ అనే ఊరి మీద విషవాయువు బాంబులు పడ్డాయి. 1988 జూలై 3 న అమెరికా యుద్ధనౌక ఒకటి ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు, అందులో పది మంది మన భారతీయులు. అలాగే 2020 జనవరి 8 న టెహ్రాన్ దగ్గర ఇరాన్ సైనికులే ఒక ఉక్రెయిన్ విమానాన్ని కూల్చారు. 176 మంది, ఎక్కువమంది ఇరానీలే, చనిపోయారు. మూడు రోజులు కాదని చెప్పి, తరువాత ఒప్పుకున్నారు. ఈ రెండు విమానాలనూ మేము పక్కపక్కన పెట్టి చెబుతున్నాము. ఒకటి మాత్రమే చెప్పేవారు వీధికొకరు దొరుకుతారు.

మనలోనూ రెండు జట్లున్నాయి, దాచుకోనక్కర్లేదు. ఇరాన్ ప్రభుత్వం ఏం చేసినా వహ్వా అనేవారు కొందరు. వాళ్ళు మన వాళ్ళు కాదు, వాళ్ళ ఊసు మనకెందుకు అనేవారు మరికొందరు. ఇద్దరూ బొమ్మ చూసి తీర్పు చెబుతున్నవారే. మొదటివారికి మహ్సా తల్లి కనబడదు. రెండోవారికి సర్దష్త్ తల్లి కనబడదు. 2018 లో అమెరికా ఆంక్షలు మళ్ళీ పెట్టినప్పుడు కాగితం మీద మందులకు మినహాయింపు ఉండి కూడా, బ్యాంకుల ద్వారా డబ్బు పంపే దారి లేక రోగుల ఇళ్ళల్లో మందులు దొరకలేదు. ఆ తల్లి ఎవరికీ కనబడదు.

ముగింపుకు వస్తాము. 2025 జూన్ 13 న ఇజ్రాయెల్ దాడులతో ఇరాన్ మీద యుద్ధం మొదలయింది. పన్నెండు రోజులు సాగింది. ఇరాన్లో వెయ్యి మందికి పైగా పోయారు, ఎదురు క్షిపణులకు ఇజ్రాయెల్‌లోనూ సామాన్యులు పోయారు. ఇస్ఫహాన్ మీద కూడా బాంబులు పడ్డాయని టీవీలో చూసి మా మిత్రుడికి ఫోను చేశాము. పోలేదు. మెసేజి పెట్టాము. ఒక్క గీత దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఇంటర్నెట్ కట్టేశారు. ఆ రోజుల్లో టీవీలో పొగ కనబడుతుంటే మాకు ఆ పొగ కింద చాయ్ గ్లాసు, చక్కెర ముక్క, తహ్‌దీగ్ గిన్నె కనబడేవి. మా అమ్మ ప్రతి పూటా "ఆ పిల్లవాడి కబురు తెలిసిందా?" అని అడిగేది. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై అయిదేళ్ళు.

యుద్ధం ఆగిన తరువాత ఒక రాత్రి జవాబు వచ్చింది. "ఇంట్లో అందరం క్షేమం. ఇన్ని రోజులు మీకు ఆందోళన కలిగించినందుకు సిగ్గుపడుతున్నాము. అమ్మగారికి మా సలాం. మా వల్ల ఆమెకు నిద్ర లేకుండా పోయి ఉంటుంది, క్షమించమని చెప్పండి" అని రాశాడు. బాంబులు పడింది వారి నెత్తిన, క్షమాపణ అడుగుతున్నది మమ్మల్ని! అదే తారోఫ్. మేము చదివి వినిపిస్తే మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వస్తే నాలుగు సార్లు అడిగి పెడతానని రాయి" అన్నది. రాశాము.

సంఘం పెద్దలకు మాదొక మనవి. మన గ్రంథాలయంలో 'గులిస్తాన్'కు ఉర్దూ అనువాదం ఒకటి కొని పెట్టండి. ఏడాదికొకసారి పిల్లలకు ఒక మంచి ఇరానీ సినిమా చూపించే ఏర్పాటు చెయ్యండి. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి వారికి అదే పరీక్ష మళ్ళీ పెడతాము. ముప్పై కాగితాల్లో ఒక్క దాంట్లో ఒక్క మనిషి పేరు కనబడినా మీకు వచ్చి చెబుతాము.

 మన పెద్దలు సెలవు తీసుకునేటప్పుడు అనే మాట కూడా ఫార్సీదే. ఇరాన్లో ఈనాటికీ ఇంటి గుమ్మం దగ్గర అందరూ అదే అంటారు. మేమూ అదే అని దిగుతున్నాము.

ఖుదా హాఫిజ్.